బ్రేకు పడితే ముందుకు కుంగుతోందా?

ప్రశ్న: నాది 2022 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బైకు. నా బరువు 90 కిలోలు, వెనక మా ఆవిడ కూర్చుంటుంది. తిరుమల నుంచి దిగేటప్పుడు మలుపు దగ్గర ముందు బ్రేకు పట్టగానే బండి బాగా కుంగిపోతోంది. టెన్షన్‌గా ఉంది. ఫోర్కుల్లో (ముందు చక్రాన్ని పట్టి ఉంచే షాకుల్లో) చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. పోయించమంటారా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఇప్పుడే వద్దండీ. ఆయిల్ చిక్కనైతే ఫోర్కు మెల్లగా దిగుతుంది, అంతే. ఎంత దిగాలో తేల్చేది లోపలి స్ప్రింగు. మీరు దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు. అక్కడ బ్రేకు పట్టి వదిలేయం, మలుపు దాకా పట్టే ఉంచుతాం. ఆ కాసేపట్లో ఎంత చిక్కటి ఆయిల్ ఉన్నా ఫోర్కు దిగాల్సినంతా దిగిపోతుంది.

తిరుపతిలో షెడ్డు పెట్టిన కొత్తలో నేనూ ఈ తప్పు చేశాను. భాకరాపేట ఘాట్ మీదుగా రోజూ పీలేరు వెళ్లే ఒక మాస్టారు ఇదే బాధ చెబితే 10డబ్ల్యూ గ్రేడు ఆయిల్ తీసి, అంతకంటే చిక్కటి 20డబ్ల్యూ పోశాను. వారం తిరక్కుండానే మణికట్లు నొక్కుకుంటూ వచ్చారు. బండి తీసుకుని నేనే వెళ్లి చూశాను. ఒక గుంతలో దిగిన ఫోర్కు పైకి లేచేలోపే రెండో గుంత వచ్చేస్తోంది. నాలుగో గుంతకు దిగడానికి చోటే లేదు, దెబ్బంతా హ్యాండిల్‌కే. ఆయన దగ్గర డబ్బు తీసుకోకుండా పాత ఆయిల్ గ్రేడే మళ్లీ పోసిచ్చాను.

అందుకని ముందు కొలవండి. వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగు ఒకటి ఫోర్కు మెరిసే ట్యూబుకు బిగించండి, జరిపితే జరిగేలా ఉండాలి. మెయిన్ స్టాండ్ వేసి, వెనక ఒకరు నొక్కితే ముందు చక్రం లేస్తుంది. అప్పుడు ట్యాగును కిందికి, డస్ట్ సీల్‌కు (ట్యూబు కింది గొట్టంలోకి దిగేచోట ఉండే రబ్బరు రింగుకు) ఆనేదాకా తోయండి. బండి దించి, ఒకరు పట్టుకుంటే రెండు కాళ్లూ పైన పెట్టి కూర్చోండి. కుదుపు లేకుండా దిగి, మళ్లీ చక్రం లేపి, సీల్‌కూ ట్యాగుకూ మధ్య దూరం స్కేలుతో చూడండి. మీ బండి ఫోర్కు ట్రావెల్, అంటే మొత్తం దిగగలిగే దూరం, 130 మిల్లీమీటర్లు. మీ బరువుకు 35 నుంచి 40 దాకా దిగితే బాగున్నట్టే. 50 దాటిందంటే బ్రేకు పట్టకముందే మూడో వంతుకు పైగా వాడేశారన్నమాట.

అలాంటప్పుడు స్ప్రింగు మీద 10 మిల్లీమీటర్ల స్పేసర్ (చిన్న గొట్టం ముక్క) వేస్తే దాదాపు అంతే ఎత్తు తిరిగొస్తుంది. అయితే స్పేసర్‌తో స్ప్రింగు గట్టిపడదు. వేశాక కూడా ఘాట్ దిగొచ్చి చూస్తే ట్యాగు చివరిదాకా జరిగి ఉందంటే, మీ ఇద్దరి బరువుకు తగ్గ గట్టి స్ప్రింగులే వేయించండి. చివర్లో 15 మిల్లీమీటర్లు మిగిలి ఉంటే ఖర్చు పెట్టకండి. బ్రేకు పడితే బరువు ముందు టైరు మీదికి వచ్చి దాని పట్టు పెరుగుతుంది, అప్పుడు బండి కొంచెం కుంగడం సహజమే.

ఇంకొక మాట. 2022 నుంచి ఆ ఆయిల్ మార్చే ఉండరు. పాత ఫోర్క్ ఆయిల్ ట్రేలోకి వంచితే బూడిద రంగులో, లోహపు మెరుపుతో, కుళ్లిన చేప వాసనతో వస్తుంది. దానికి పట్టు ఎక్కడుంటుంది? కంపెనీ చెప్పిన గ్రేడే, చెప్పిన మట్టానికే, రెండు ఫోర్కుల్లోనూ సమానంగా పోయించండి. చాలా బండ్లకు జబ్బు అక్కడే తీరిపోవడం చూశాను.

ప్రశ్న: మొగిలి ఘాట్‌లో బ్రేకు పడితే హ్యాండిల్‌లో ‘టక్’మంటోంది. ఫోర్కులు పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: బహుశా కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే మెడలోని బేరింగులు) వదులైందమ్మా. ముందు బ్రేకు గట్టిగా పట్టి, బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర ఇంకొకరిని వేలు పెట్టి చూడమనండి. కదలిక అక్కడే తెలిస్తే బిగిస్తే చాలు. అక్కడ తెలియకుండా డస్ట్ సీల్ దగ్గర తెలిస్తేనే ఫోర్కు విప్పించి బుష్‌లు (లోపల ట్యూబు జారే రింగులు) చూపించండి.