బుల్లెట్‌కు రెండు రకాల ఫోర్కులు బిగించారు.. ఆర్‌సీ రెన్యువల్ అవుతుందా?

ప్రశ్న: నాది 1972 మోడల్ బుల్లెట్ 350. గ్యారేజీలో ఇచ్చి కస్టమ్‌గా చేయించాను. ‘ఒరిజినల్ ఫ్రంట్ ఫోర్క్ సెట్’ అని బిల్లు రాసి రూ.32 వేలు తీసుకున్నారు. ఇప్పుడు బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగుతోంది. వేరే మెకానిక్ చూసి, ఫోర్కు రెండు కాళ్లూ (చక్రానికి చెరో పక్కన ఉండే గొట్టాలు) వేర్వేరు బళ్లవన్నాడు. మూడు నెలల్లో ఆర్‌సీ గడువు ముగుస్తుంది. రెన్యువల్ ఆగిపోతుందా? వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చా? ఇన్సూరెన్స్ చెల్లుతుందా? గ్యారేజీ నుంచి నా డబ్బు వస్తుందా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ ఫోర్కులు ఇప్పుడే విప్పించకండి, బండీ రోడ్డెక్కించకండి. విప్పేస్తే గ్యారేజీ మీద మీకున్న సాక్ష్యం పోతుంది. నడిపితే తప్పు మీ మీదికి వస్తుంది. లోపం ఉందని తెలిసీ, ప్రమాదకరంగా ఉన్న బండిని రోడ్డు మీద నడిపితే మోటారు వాహనాల చట్టం 190(1) సెక్షన్ కింద రూ.1,500 వరకు జరిమానా. దాని వల్ల ఎవరికైనా గాయమైతే మూడు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. మెకానిక్ చెప్పిన రోజు నుంచి ‘నాకు తెలియదు’ అనే అవకాశం మీకు లేదు.

‘వేర్వేరు బళ్లవి’ అన్న నోటి మాట కేసుకు చాలదు. దాన్ని కొలతల్లోకి తేవాలి. ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) లైసెన్సున్న మోటారు సర్వేయరును గానీ, మెకానికల్ ఇంజనీరును గానీ పిలిపించి, ఆయన ఎదుటే చక్రం దింపించండి. ఏ రోజు పరిశీలన జరుగుతుందో గ్యారేజీకి ముందే రాతపూర్వకంగా తెలపండి. వాళ్లు రాకపోయినా, పిలిచినట్టు రుజువు ఉంటుంది.

రిపోర్టులో ఉండాల్సినవి ఇవి. ఫోర్కు పైపుల బయటి వ్యాసం వెర్నియర్ (సన్న కొలతల పరికరం)తో ఒక్కోదానికి మూడు చోట్ల కొలవాలి: యోక్ (రెండు కాళ్లనూ కలిపి పట్టే అడ్డపట్టీ) కింద, మధ్యలో, బుష్ (పైపు జారే రింగు) రాపిడి పడే చోట. రెండు కాళ్లూ పూర్తిగా చాచి, పైపు కొస నుంచి యాక్సిల్ (చక్రం ఇరుసు) రంధ్రం మధ్య వరకు పొడవు కొలవాలి. స్ప్రింగులు బయటికి తీసి పక్కపక్కన నిలబెట్టి ఎత్తు, తీగ మందం రాసుకోవాలి. పైపు వంగిందేమో గాజు పలక మీద దొర్లిస్తే తెలిసిపోతుంది. యాక్సిల్ రెండు బాటమ్‌లలో (కాళ్ల కింది భాగాలు) చేత్తోనే సాఫీగా కూర్చోవాలి. సుత్తి అవసరమైందంటే కాళ్లు సమాంతరంగా లేవన్నమాట.

మరల సంగతి చాలామంది వదిలేస్తారు. బుల్లెట్ బ్రిటిష్ డిజైన్. ఆ కాలపు బ్రిటిష్ బళ్లలో చాలాచోట్ల అంగుళానికి 26 చుట్ల సైకిల్ మర ఉంటుంది, అంటే చుట్టుకు 0.977 మి.మీ. మెట్రిక్ బండి మర 1 మి.మీ. అయితే కంటికి తేడా కనబడదు. మొదటి మూడు నాలుగు చుట్లు తిరిగి తర్వాత పట్టేస్తుంది, బలవంతపెడితే మర అరిగిపోతుంది. ఈ బండిలో పైపు పై కొస హెడ్‌లైట్ కేసింగ్‌లోకి మరతోనే బిగుస్తుంది కాబట్టి, అక్కడ మర పోతే ఆ కాలుకు పైన పట్టు ఉండదు. మర గేజీ పెట్టి ఫొటో తీయించండి.

అన్నిటికన్నా ముఖ్యం బ్రేకు ప్లేటు ఆనే చోటు. బాటమ్ మీద ఆ ఆధారం సరిపోక వెల్డింగ్ చేసి పెట్టారా, వాషర్లతో సర్దారా చూడాలి. అది ఊడితే బ్రేకు వేసిన క్షణంలో ప్లేటు చక్రంతో పాటు తిరిగి చక్రం పట్టేయవచ్చు. బండి ఒక పక్కకు లాగడానికి కాళ్ల తేడాయే కారణమా, బ్రేకు షూల దోషమా అన్నది కూడా సర్వేయరు విడదీసి రాయాలి. లేకపోతే గ్యారేజీ వాళ్లు ఈ సందులోంచే తప్పించుకుంటారు. ‘రెండు కాళ్లలో ఆయిల్ సమానంగా పోశాం’ అంటారు. లోపలి నిర్మాణం వేరైతే ఒకే కొలత పోసినా లోపల ఆయిల్ ఎత్తు ఒకేలా రాదు.

ఇక రెన్యువల్. తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్‌సీ వివరాలు విరుద్ధమయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. మార్పు అంటే బండి మౌలిక లక్షణం మారేలా నిర్మాణాన్ని మార్చడం అని దాని వివరణ. 2019 జనవరిలో కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అరిగిన ఫోర్కు తీసి అదే మోడల్ ఫోర్కు వేయడం మరమ్మతు. దాన్ని ఈ సెక్షన్ ఆపదని నా అభిప్రాయం. వేరే బండి పొడవాటి ఫోర్కు వేస్తే ముందు భాగం లేచి, స్టీరింగ్ కోణం, వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) మారతాయి. వీల్‌బేస్ ఆర్‌సీలో నమోదయ్యే వివరమే. అనుమతి లేని మార్పుకు 182ఎ(4) కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ. ఫోర్కుతో ఆగకుండా ఫ్రేము కోసి, ట్యాంకు కింద పైపులు మార్చి ఉంటే మీ అసలు సమస్య అదే. అది నాకు విడిగా రాయండి.

గడువు ముగిసే ముందు 60 రోజుల్లో ఫారం 25తో దరఖాస్తు చేయాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకు బండిని ఒకే మోడల్ సెట్‌తో తీసుకెళ్లండి: రెండు పైపులు, రెండు బాటమ్‌లు, కింది యోక్, కొత్త బుష్‌లు, సీళ్లు, కోన్ సెట్ (స్టీరింగ్ బేరింగులు). బిగించేటప్పుడు యాక్సిల్ కూర్చోబెట్టి, ఫోర్కును నాలుగైదు సార్లు కిందికి నొక్కి వదిలి, కాళ్లు తమంతట తాము సర్దుకున్నాకే పించ్ బోల్టులు (పైపులను యోక్‌లో పట్టి ఉంచేవి) బిగించమనండి. ఆ బిల్లు దాచండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ మీకు పనికొస్తుందని నేననుకోను. 2021 నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు దాటాలి, అది మీ బండికి దాటింది. కానీ బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, ఇంజిన్‌లకు పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కస్టమ్ చేసిన బండి అక్కడే ఆగుతుంది. వచ్చినా ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకే తీయాలి. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి కుదరదు.

ఇన్సూరెన్స్ విషయంలో రెండు భాగాలు వేరు చేసి చూడండి. ఎదుటివారికి పరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీకి మోటారు వాహనాల చట్టం 150(2) సెక్షన్‌లో చెప్పిన కొన్ని కారణాలే ఉన్నాయి. ఫోర్కు మార్చారన్నది ఆ జాబితాలో లేదు. ముఖ్య విషయం దాచి పాలసీ తీసుకున్నారన్నది మాత్రం ఉంది. మీ బండి నష్టం సంగతి వేరు. బండిని సక్రమ స్థితిలో ఉంచాలనే షరతు పాలసీలో ఉంటుంది, క్లెయిము తిప్పికొట్టడానికి దాన్నే చూపిస్తారు.

డబ్బు విషయంలో మీ పక్షం బలంగా ఉంది. ‘ఒరిజినల్’ అని రాసిన ఆ బిల్లే మీ ఆయుధం. రిపోర్టు జతచేసి, 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. రూ.32 వేలు, సర్వేయరు ఫీజు, కొత్త సెట్ బిగింపు ఖర్చు విడివిడిగా అడగండి. స్పందించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. గ్యారేజీ ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. రూ.5 లక్షల లోపు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఒకవేళ ఆ ఫోర్కులు మీరే కొని తెచ్చి ఇచ్చి ఉంటే సామాను ధర అడగలేరు. సరిపోవని చెప్పకుండా బిగించినందుకు సేవాలోపం మాత్రం నిలుస్తుంది.

ఫోన్లో తీసిన వీడియోలు, గ్యారేజీతో జరిపిన వాట్సాప్ సంభాషణలు ఇవ్వాలనుకుంటే, భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) కింద ధ్రువపత్రం కూడా జతచేయండి. ఆ ఫోను మార్చకండి. తీసేసిన పాత కాళ్లు రెండూ సర్వేయరు సంతకంతో మూటకట్టి ఇంట్లోనే ఉంచండి, పాత ఇనుప సామాన్లకు వేయకండి.