చుక్క ఎర్రబడినా ఎవరూ చూడలేదు

ప్రశ్న: నేను ఒక చిన్న డ్రోన్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చూస్తాను. మా దగ్గర ఒక్క ఆపరేటరే ఆరు డ్రోన్లను మ్యాప్ మీద కనిపెట్టుకుని ఉండాలి. అంతా బాగుంటే ఆకుపచ్చ చుక్క, తేడా వస్తే ఎర్ర చుక్క అని పెట్టాం. మొన్న ఒకదానికి సిగ్నల్ పోయి చుక్క ఎర్రబడినా మావాడు చాలాసేపు గమనించలేదు. చుక్కని పెద్దది చేసి బ్లింక్ చేయమంటున్నారు మేనేజర్. సరిపోతుందా సార్?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: సరిపోదు. ముందు ఆ కుర్రాణ్ని తిట్టడం ఆపమనండి, తప్పు చుక్కది. 2021 డ్రోన్ రూల్స్ వచ్చాక డిజిటల్ స్కై (ప్రభుత్వ డ్రోన్ పోర్టల్) మ్యాప్‌లో, ఎక్కడ ఎగరేయొచ్చో ఎక్కడ కూడదో చెప్పే జోన్లే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఉంటున్నాయి కదా, మీరు వాటి మీద మళ్లీ అవే రంగులు పూశారు. రెడ్ జోన్ అంచున డ్రోన్ ఎర్రబడితే ఎవరికి ఆనుతుంది? పైగా ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాళ్లు, ముఖ్యంగా మగవాళ్లలో, అంత అరుదేమీ కాదు. జోన్ల రంగు బాగా పలచన చేసి, గీతలు మాత్రం స్పష్టంగా ఉంచండి. డ్రోన్‌కి చుక్క బదులు అది వెళ్లే దిక్కు చూపే బాణం పెట్టండి, తేడా వస్తే రంగుతోపాటు ఆకారం కూడా మారాలి.

సిగ్నల్ పోవడం వేరే కథ. అప్పుడు మ్యాప్ మీద కనబడేది డ్రోన్ ఉన్న చోటు కాదు, ఆఖరిసారి ఉన్న చోటు. నిండు రంగుతో అలాగే నిలబడి ఉంటే చూసేవాడు అక్కడే ఉందనుకుంటాడు, పాపం. అందుకని లోపలి రంగు తీసేసి ఉత్త గీత మిగల్చండి, పక్కన ఎన్ని సెకన్లయిందో అంకె తిరగాలి, చుట్టూ ఒక వలయం పెరుగుతూ పోవాలి. సెకనుకు 10 మీటర్ల వేగమైతే అర నిమిషంలో 300 మీటర్లలో ఎక్కడైనా ఉండొచ్చు మరి.

విమానాల రాడార్ తెరల మీద ముందు ఒక గీత, వెనక చుక్కల జాడ ఉంటాయి చూడండి, గీత కాసేపట్లో ఎక్కడికి చేరుతుందో చెబుతుంది, జాడ ఎటునుంచి వచ్చిందో. అది కాపీ కొట్టేయండి, తప్పులేదు.

బ్యాటరీ శాతం కన్నా, మిగిలిన చార్జింగ్‌తో ఎంత దూరం పోగలదో చూపే వలయం మేలు. ఇంటి గుర్తు, అంటే డ్రోన్ తిరిగి దిగాల్సిన చోటు, ఆ వలయం బయటికి పోకముందే హెచ్చరించాలి. గాలి ఉంటే డ్రోన్ ఆ వలయానికి నడిమధ్యన ఉండదు, వలయం మొత్తం గాలి తోసే వైపుకి జరుగుతుంది, ఆ లెక్క మరచిపోకండి.

ఇక బ్లింక్. కంటి చివర పడినా లాగేస్తుంది, నిజమే, కానీ మూడు ఒకేసారి మెరిస్తే టెన్షన్ తప్ప ఏం తెలుస్తుంది? వెంటనే చెయ్యి వేయాల్సిన వాటికే పెట్టండి, ఆపరేటర్ క్లిక్ చేయగానే ఆగిపోవాలి.

అన్నీ చేశాక స్క్రీన్‌షాట్ నలుపు తెలుపులో ప్రింట్ తీసి, ఆ ఆపరేటర్‌కే ఇచ్చి ఏ డ్రోన్‌కి ఇబ్బందో అడగండి. వెతుక్కుంటున్నాడంటే మళ్లీ మొదలెట్టండి.