హేరోదు కీలుబొమ్మా? ఆ వేషం వేసేవాడిగా నా జవాబు

"రోమ్ వాళ్లు కూర్చోబెట్టిన హేరోదు నిజంగా రాజేనా, కీలుబొమ్మా?" అని అడిగారు. హేరోదంటే యేసు పుట్టినప్పటి యూదయ రాజు. మా చర్చి క్రిస్మస్ నాటకంలో ఏళ్ల తరబడి ఆ వేషం నాదే. గొంతు పెద్దదని మొదట ఇచ్చారు, తర్వాత ఆ దురద గడ్డం అంటించుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. ఆ చనువుతో చెబుతున్నా, కీలుబొమ్మ కానే కాదు.

రోమ్ లేకపోతే గద్దె దక్కేది కాదన్నది నిజమే. క్రీ.పూ. 40లో రోమ్‌కు తూర్పు శత్రువులైన పార్తియన్లు యెరూషలేము మీద పడితే ఇంటివాళ్లను మసాదా కోటలో పెట్టి రోమ్‌కు వెళ్లాడు. సెనేట్ రాజుగా ప్రకటించింది గానీ, యెరూషలేము చేతికి రావడానికి మూడేళ్లు పట్టింది. అది కూడా రోమ్ సైన్యంతోనే.

అసలు మనిషి తెలిసేది క్రీ.పూ. 30లో. అంతదాకా ఆయన రోమ్ సేనాని ఆంటోనీ మనిషి. ఆంటోనీ, ఈజిప్టు రాణి క్లియోపాత్రా ఆక్టియం దగ్గర ఓడల యుద్ధంలో, రోమ్‌లో ఆంటోనీకి పోటీదారైన ఆక్టేవియన్ చేతిలో ఓడిపోయారు. ఇక హేరోదు పని అయిపోయిందనే అందరూ అనుకుని ఉంటారు. మన దగ్గర పార్టీ ఓడిన మర్నాడే కండువా మార్చేసి "నేను మొదటినుంచీ మీవాడినే" అంటారు చూడండి, హేరోదు అలా అనలేదు. రోడ్స్ దీవికి వెళ్లి, కిరీటం తీసేసి ఆక్టేవియన్ ముందు నిలబడ్డాడు. ఆంటోనీకి ధాన్యం పంపింది నేనే, చివరిదాకా అతని మేలే కోరాను, నేను ఎవరి స్నేహితుడినని కాదు, ఎలాంటి స్నేహితుడినో చూడండి అన్నాడట. రాసింది యూదు చరిత్రకారుడు జోసీఫస్. ఆక్టేవియన్ ఆ కిరీటం మళ్లీ ఆయన తలమీదే పెట్టాడు. అంతకుముందు క్లియోపాత్రా లాక్కున్న యెరికో తోటలు కూడా తర్వాత తిరిగి ఇప్పించాడు. అన్నాళ్లూ తన తోటలకే హేరోదు ఆవిడకు కౌలు కడుతున్నాడు!

అయితే బయల్దేరే ముందు చేసిన పని కూడా చెప్పాలి. తనకు పోటీ అవుతాడని, పాత రాజవంశపు ముసలి హిర్కానును చంపించాడు. తను తిరిగి రాకపోతే భార్య మరియమ్నేను చంపేయమని కాపలావాళ్లకు చెప్పి వెళ్లాడు. ధైర్యమూ క్రూరత్వమూ ఒకే ప్రయాణంలో. ఈ సీను నాటకంలో పెడదామని నేను ఎన్నిసార్లు అడిగినా కమిటీ పెద్దలు వినరు. నాకు మిగిలేది "పట్టండి, నరకండి" అని మైకు పగిలేలా అరవడమే.

పవిత్ర భూమి యాత్రకు వెళ్లినప్పుడు హేరోదు కట్టించిన రేవు పట్టణం కైసరయ చూశాను. బస్సువాడు అక్కడ అరగంట ఇచ్చి, సావనీర్ షాపు దగ్గర మాత్రం గంటకు పైగా ఆపాడు, ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు. ఓడలు నిలబడే చోటే లేని తీరంలో, నేపుల్స్ వైపు నుంచి అగ్నిపర్వతపు బూడిద తెప్పించి, నీళ్లలోనే గట్టిపడే కాంక్రీటుతో రేవు కట్టించాడు. ఊరికి కైసరు (అప్పటికి చక్రవర్తి అయిన ఆక్టేవియన్) పేరు, రేవుకు కైసరు బిరుదు. కాకా పట్టడమే, కాదనను. కానీ రేవు సుంకం హేరోదు ఖజానాకే చేరింది.

హద్దు లేకపోలేదు. పొరుగు అరబ్బు రాజ్యం నబతీయుల మీదికి అడగకుండా సైన్యాన్ని నడిపినప్పుడు, ఇన్నాళ్లూ స్నేహితుడిగా చూశాను, ఇకమీద ప్రజగానే చూస్తానని ఆగస్టస్ ఉత్తరం రాశాడు. ఈ ఆగస్టస్ రోడ్స్‌లో కిరీటం పెట్టిన ఆక్టేవియనే. ఆయనను మళ్లీ మచ్చిక చేసుకోవడానికి హేరోదు తన ఆస్థాన పండితుడు నికొలాస్‌ను రోమ్‌కు పంపాల్సి వచ్చింది. కన్నకొడుకుల్లో ఇద్దరిని విచారించడానికి కూడా అక్కడి అనుమతే కావాలి. అనుమతి వచ్చింది, క్రీ.పూ. 7లో ఇద్దరినీ గొంతు పిసికించి చంపాడు.

ఇంత ఉన్నా, చనిపోయేదాకా గద్దె దిగలేదు. ఆయన తర్వాత వచ్చిన ఇంకో కొడుకు అర్కెలాయుకు ఆగస్టస్ రాజు బిరుదు కూడా ఇవ్వలేదు, క్రీ.శ. 6లో గాల్‌కు (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) తరిమేసి యూదయను నేరుగా రోమ్ అధికారి చేతిలో పెట్టాడు. కీలుబొమ్మ అనాలంటే వాడిని అనండి.