జైలు గేటు సరే, జీతం కాగితం చూశావా?

ప్రశ్న: అక్కా, హైదరాబాద్‌లో ఎం.ఏ. ఎకనమిక్స్ చేసి మూడేళ్లు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పాను. పెళ్లయ్యాక కాలిఫోర్నియా వచ్చాను. పని అనుమతి చేతికొచ్చింది. ఇక్కడి కమ్యూనిటీ కళాశాలలో, అంటే రెండేళ్ల ప్రభుత్వ కళాశాలలో, రెండు తరగతులు ఇస్తామంటున్నారు, ఒకటి జైలులో. ఇంట్లో అందరూ భయపెడుతున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకో చెల్లీ. జైలులో ఇదే పాఠం చెబుతున్న ఎనిమిదేళ్లలో ఖైదీల వల్ల నాకు ఒక్క డాలరు నష్టం రాలేదు. నా తెలివితక్కువతనం వల్ల పోయిన డబ్బుకు మాత్రం పుస్తకంలో లెక్క ఉంది. వీసా సంగతులు ప్రభుత్వ సైట్లలో ఉంటాయి, చదువుకున్నదానివి, చూసుకో.

2017లో మొదటి రోజు డెబ్బై మైళ్లు కారు నడుపుకుంటూ వెళ్లాను, నీలం జీన్స్ వేసుకుని. గేటు దగ్గర అధికారి నా మొహం చూడలేదు, ప్యాంటు చూశాడు. లోపలివాళ్ల దుస్తులు నీలం. గొడవ జరిగితే ఎవరు ఖైదీయో పైనున్న కాపలావాళ్లకు తెలియాలి కదా. ముందే పంపిన సూచనల్లో ఆ మాట రెండో పేజీలో ఉంది, నేను మొదటి పేజీ దాటలేదు. వెనక్కి ఊళ్లోకి వెళ్లి బూడిదరంగు ప్యాంటు కొన్నాను, 38 డాలర్లు. మళ్లీ వస్తే ఈసారి కాగితాలకున్న పిన్నులు పనికిరావన్నారు. బల్ల మీద కూర్చుని అరవై కాగితాల కట్టల పిన్నులు గోటితో లాగాను. లోపలికి వెళ్లేసరికి సగం తరగతి అయిపోయింది. ప్యాంటు ఖర్చు, పెట్రోలు ఖర్చు, ఊడిన గోరు. అదీ నా మొదటి జీతం.

రెండో వారం కనీస వేతనం పాఠం. అప్పుడు రాష్ట్రంలో పెద్ద సంస్థల్లో గంటకు 10.50 డాలర్లు. "మీ గంట ఖరీదు ఎంత?" అని అడిగేశాను, బయట పిల్లల్ని అడిగినట్టు. వెనక వరుసలో నెరిసిన జుట్టాయన "ఎనిమిది సెంట్లు మేడమ్, అందులో నష్టపరిహారం కింద సగం కోత" అన్నాడు. అప్పట్లో అక్కడ ఖైదీల పనికి రేటు గంటకు 8 నుంచి 37 సెంట్లే, 2024లో రెట్టింపు చేశారు. తరగతికి రావడానికి ఆయన వదులుకున్న పని కూడా అదే. అవకాశ వ్యయానికి, అంటే ఒకటి ఎంచుకుంటే చేజారే దాని విలువకు, అంతకన్నా మంచి ఉదాహరణ నా పాఠ్యపుస్తకంలో లేదు. సిగ్గుపడి హైదరాబాద్ విమాన టికెట్ల ఉదాహరణలన్నీ కొట్టేశాను.

ద్రవ్యం పాఠం వాళ్లే నాకు చెప్పారు. పొగాకు నిషేధించాక కాంటీన్‌లో దొరికే నూడుల్స్ పొట్లమే అక్కడి నాణెం, దాన్ని 'సూప్' అంటారు. క్షవరానికి ఇన్ని సూపులని ధర. తర్వాత ర్యాడ్‌ఫర్డ్ అనే ఆర్థికవేత్త 1945లో రాసిన యుద్ధఖైదీల శిబిరం వ్యాసం ఇచ్చాను. అక్కడ సిగరెట్లే డబ్బు. ఉర్దూ వచ్చిన ఒకడు సిక్కు ఖైదీల దగ్గర మాంసం కొని, బదులుగా వెన్న, జామ్ అమ్ముకున్నాడు. సంగతి తెలిసి మరికొందరు ఆ బేరంలోకి దిగేసరికి భారతీయుల విభాగంలో ధరలు మిగతా చోట్ల ధరలకు దగ్గరయ్యాయి. ఈ ముక్క దగ్గర తరగతి మొత్తం నవ్వింది, అలాంటివాడు వాళ్ల బ్యారక్‌లోనూ ఉన్నాడట!

ఇక అసలు సంగతి. ఒక్కో కళాశాల జిల్లాలో (ఆ ప్రాంత కళాశాలల్ని నడిపే సంస్థ) పార్ట్‌టైమ్ వాళ్లకు పూర్తికాల అధ్యాపకుల బోధనా భారంలో 67 శాతం మించి ఇవ్వరు. జీతం సెమిస్టర్‌కే, వేసవిలో తరగతి లేకపోతే ఏమీ రాదు. నువ్వు ఆ జీతం చూసుకుని కారు అప్పు తీసుకోకు. నేను తీసుకున్నాను, రెండు వేసవులు పప్పన్నం మీదే గడిపాను. జైలు తరగతికి డబ్బు ఎక్కడినుంచి వస్తోందో కూడా అడుగు. 1994లో ఖైదీలకు తీసేసిన పెల్ గ్రాంటు, అంటే పేద విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వమిచ్చే సాయం, 2023 జులైలో తిరిగి వచ్చింది. ఇక్కడ 2014 చట్టం ప్రకారం రాష్ట్రం కూడా ఇస్తుంది. ఒకటి ఆగినా రెండోది ఉందా అన్నది నీకు ముఖ్యం.

చేరిన రోజు పింఛను పత్రం ఇస్తారు. నేను కోత తక్కువగా కనిపించిన గడిలో టిక్కు పెట్టేసి సంతోషంగా ఇంటికొచ్చాను. ఆ గడి సోషల్ సెక్యూరిటీకి, అంటే ఈ దేశ ప్రభుత్వ పింఛనుకు, బదులు వేరే పథకానిది. మూడేళ్ల తర్వాత చూస్తే ఆ కాలానికి సోషల్ సెక్యూరిటీలో నా పేరున ఒక్క క్రెడిట్ లేదు. ఏడాదికి నాలుగే వస్తాయి, పింఛనుకు నలభై కావాలి. అంటే పన్నెండు పోయాయి. మా ఆయన ఇప్పటికీ పండగకు పండగకు గుర్తుచేస్తారు.

కాబట్టి టిక్కు పెట్టేముందు పత్రం ఇంటికి తెచ్చుకుని, ఇద్దరూ కూర్చుని చదవండి. బూడిదరంగు ప్యాంట్లు ఇప్పుడే రెండు కొను, సెమిస్టర్ మొదలయ్యాక అంగళ్లలో తగ్గింపులు ఉండవు.