గువ్వను కొట్టి యూనివర్సిటీకి ఇవ్వడమేమిటి?

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. వాడి ఆఫీసులో ఒకాయన సెప్టెంబర్ వచ్చిందంటే గువ్వల వేటకు వెళ్తాడట. కొట్టినవాటిలో కొన్ని యూనివర్సిటీ వాళ్ల పక్షుల సేకరణకి ఇస్తాడట. ఫొటో చూస్తే మన పెరట్లో తిరిగే గువ్వే! పరిశోధన కోసం ప్రాణం తీయాలా, ఫొటోలు చాలవా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మీరు పోల్చుకున్నది సరిగ్గానే ఉందమ్మా. మెడ వెనక నల్లని సగం పట్టీ ఉండే ఆ గువ్వ మన దేశంలో తరతరాలుగా ఉన్నదే. అమెరికాకి మాత్రం పరాయిది. 1974లో బహామాస్‌లో ఒక పెంపకందారు దగ్గర్నుంచి కొన్ని గువ్వలు తప్పించుకున్నాయి. 1980లలో వాటి సంతతి ఫ్లోరిడాలో కనిపించింది. ఆ తర్వాత పసిఫిక్ తీరం దాకా పాకిపోయింది. అందుకే టెక్సాస్‌లో లైసెన్సు ఉన్నవాళ్లు దీన్ని ఏడాది పొడవునా, ఎన్నైనా కొట్టుకోవచ్చు. అక్కడి సొంత గువ్వకి మాత్రం సీజనుంది, రోజుకి ఇన్నేనని లెక్కుంది. దాని తోక కోసుగా ఉంటుంది, మనదాని తోక చివర చదరంగా ఉంటుంది. ఇక్కడైతే గువ్వను కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ తేడా మర్చిపోకండి.

ఇక ఫొటో సంగతి. నేను జువాలజీ చెప్పిన రోజుల్లో పక్షి చర్మాలు సిద్ధం చేసేవాణ్ణి. పొట్ట దగ్గర చిన్న కోత పెట్టి, చర్మాన్ని మేజోడులా వెనక్కి తీసి, లోపల దూది పెట్టి కుట్టేస్తాం. కాళ్లకి చీటీ కడతాం. తీసిన శరీరం వృథా పోదు. ఏ గింజలు తిన్నదో అన్నాశయం చెబుతుంది, గొంతులో ఏ పరాన్నజీవి ఉందో తెలుస్తుంది, చిన్న కండముక్క గడ్డకట్టించి దాస్తే డీఎన్ఏ దొరుకుతుంది. ఫొటోలో ఇవేవీ దొరకవు. ఫ్లోరిడా ఎండలో దిగిన పక్షి మోంటానా చలికి చేరేలోపు మారిందా అని తేల్చాలంటే, వేర్వేరు చోట్ల, వేర్వేరు ఏళ్లలో సేకరించిన పక్షులు పక్కపక్కన ఉండాలి.

రేపు ఏ ప్రశ్న వస్తుందో కూడా ఇవాళ తెలియదు. డీడీటీ అనే పురుగుమందు వచ్చాక డేగల గుడ్ల పెంకు పలచబడిందని 1967లో బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త బయటపెట్టింది పాత గుడ్లతో పోల్చే. వాటిలో చాలావాటిని దాచినవాళ్లు డీడీటీ మాటే ఎరగరు.

ప్రాణం సంగతి మీరు అడగడం న్యాయం. సేకరణ కోసమని ఇంకో పది కొట్టమని నేను ఎవరికీ చెప్పను. కానీ ఆయన ఎలాగూ కూరకి కొడుతున్నాడు. చాలామంది రొమ్ము మాంసం తీసుకుని మిగతాది పారేస్తారు. అలా చెత్తబుట్టలో పడే బదులు ఒకటి రెండు చదువుకి పనికొస్తే నాకు సంతోషమే.

మీ అబ్బాయితో ఆయనకి ఒక మాట చెప్పించండి. పక్షిని కోయకుండా, ఈకలు పీకకుండా కవర్లో పెట్టి ఫ్రీజ్ చేయాలి. లోపల పెన్సిలుతో రాసిన చీటీ ఉండాలి, తడికి సిరా చెదిరిపోతుంది. ఉత్త 'టెక్సాస్' అని రాస్తే ఎందుకూ పనికిరాదు. కౌంటీ (మన జిల్లాలాంటిది), దగ్గరి ఊరు, తేదీ, కొట్టినవాళ్ల పేరు కావాలి. తీసుకెళ్లే ముందు అక్కడి వాళ్లకి ఫోన్ చేయమనండి. వాళ్లకి ఏ ప్రాంతపు పక్షులు తక్కువున్నాయో వాళ్లే చెబుతారు.