బీపీ తగ్గిందని మాత్ర మానకు నాన్నా

చంటీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నీ సంగతులన్నీ చెప్పింది. ఆరు కిలోలు తగ్గావట. తెల్లారకముందే చెరువు గట్ల మీద చెమటలు పట్టేలా నడుస్తున్నావట. వేసవిలో 158/98 ఉన్న బీపీ ఇప్పుడు 126/80కి దిగిందట. వింటుంటే కడుపు నిండిపోయిందిరా. మన ఇంట్లో మగవాళ్లెవరూ చేయని పని నువ్వు చేశావు. ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ మెల్లగా ఇంకో మాట అంది. "వచ్చే నెల నుంచి మాత్ర మానేస్తాడటక్కా, ఇంక నడకతోనే సరిపెట్టుకుంటాడట" అని. ఆ మాటకి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని, రెండుసార్లు చదువు.

ముందు నీ అంకెల లెక్క చూద్దాం. ఒక కిలో బరువు తగ్గితే పై బీపీ, అంటే గీతకి ముందుండే అంకె, సుమారుగా ఒక పాయింటు తగ్గుతుంది. రోజూ గట్టిగా నడిస్తే ఓ అయిదు తగ్గుతుంది. ఉప్పు తగ్గిస్తే ఇంకో అయిదు. మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, నీ కష్టానికి పదిహేను దాకా తగ్గిందనుకుందాం. అది చిన్న సంగతి కాదు. కానీ నీకు తగ్గింది ముప్పై రెండు. మిగతాది ఎవరు తగ్గించారు? పొద్దున్నే నువ్వు వేసుకునే ఆ బీపీ మాత్ర, టెల్మిసార్టానే కదా! చెరువులో ఆక్సిజన్ రీడింగ్ బాగుందని తెల్లవారుజామున నువ్వు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆపేస్తావా? అవి తిరుగుతున్నాయి కాబట్టే రీడింగ్ బాగుందని నీకు తెలుసు. ఇదీ అంతే.

మీ పెద్ద మావయ్య సంగతి నీకు సగమే తెలుసు. నీకు ఊహ తెలిసేసరికే ఆయన కర్ర పట్టుకుని కుడికాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు. ఆయన మాట మీ పిల్లలకెవరికీ అర్థమయ్యేది కాదు. అంతకుముందు మనిషిని నువ్వు చూడలేదు. కొబ్బరికాయల వ్యాపారం చేసేవాడు. అంబాజీపేట మార్కెట్‌కి లారీ ఎత్తే రోజున ఆయన కేకేస్తే కాలవ అవతలి గట్టుకి వినపడేది. నలభై దాటిన కొత్తల్లో బీపీ బయటపడింది. డాక్టరుగారు అటెనోలాల్ రాశారు. నీలాగే పట్టుదల ఉన్న మనిషి. చుట్ట మానేశాడు, ఆవకాయ తగ్గించాడు. కొన్ని నెలలకి చూపించుకుంటే 130/80 వచ్చింది. "నార్మల్ అయిపోయింది, ఇంక మాత్రలెందుకు, ఒంటికి వేడి చేస్తున్నాయి" అనుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా మానేశాడు.

మానేశాక కూడా బాగానే ఉన్నాడు. తల తిరగలేదు, గుండె దడ రాలేదు, పని ఆగలేదు. బీపీతో వచ్చిన చిక్కే అది. అది పెరిగితే చాలామందికి తెలియదు. తలనొప్పి వస్తేనో, మెడ పట్టేస్తేనో బీపీ అనుకుంటారు మనవాళ్లు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ చూశాను, 180 ఉన్నవాళ్లు కూడా "నాకేం లేదమ్మా" అంటూ నడిచి వచ్చేవారు.

1994లో సంక్రాంతి ఇంకో వారం ఉందనగా, పొద్దున్నే అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడట. చేతిలో గ్లాసు జారిపోయింది. వంగి తీసుకోబోతే చెయ్యి లేవలేదు. మూతి ఓ పక్కకి లాగేసింది. వదిన "ఏమైందండీ" అంటే ఏదో చెప్పబోయాడు గానీ మాట రాలేదు. చలికి చెయ్యి పట్టేసిందనుకుని నూనె రాసి పడుకోబెట్టారు. ఒకరు పసరు మందన్నారు. ఇంకొకరు పావురం రక్తం రాస్తే పక్షవాతం పోతుందన్నారు. పావురం కోసం ఊరు ఊరంతా వెతికేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. కారు మాట్లాడి బయల్దేరేసరికి చీకటి పడింది. అప్పటికి చించినాడ వంతెన లేదు, పంటు మీద గోదావరి దాటాలి. నేను ఏలూరులో డ్యూటీలో ఉన్నాను. నాకు కబురు మర్నాటికి గానీ అందలేదు.

తర్వాత ఓ రోజు ఆసుపత్రికి పంచెలు పంపాలని వదినా నేనూ బీరువా తీశాం. పంచెల అడుగున మాత్రల షీట్లు ఉన్నాయి. ఒక్క మాత్ర కూడా తియ్యలేదు, వెనకాల వెండిరేకు ఎక్కడా చిరగలేదు. వదిన నెలనెలా కొనిపించి తెచ్చి ఇచ్చేది. ఆవిడ బాధపడుతుందని ఆయన తీసుకుని, అక్కడ దాచేసేవాడు. వదిన వాటిని మంచం మీద వరసగా పేర్చుకుని, ఏ నెల నుంచి వేసుకోలేదో లెక్కపెట్టింది. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ అన్నం ఆవిడే కలిపి తినిపించింది.

ఆయన వాడిన రకం మాత్రని ఉన్నట్టుండి ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగబాకే ప్రమాదం ఉంది. నీ మాత్రకి ఆ భయం అంతగా లేదు. అయినా మానేసిన కొన్నాళ్లకి బీపీ మెల్లగా పాత చోటికే చేరుతుంది, నీకేమో తెలియను కూడా తెలియదు. నువ్వు రాత్రిళ్లు ఆ గట్టు మీద షెడ్డులో ఒక్కడివే పడుకుంటావు చూడు, నా భయమంతా అదేరా. కరెంటు పోయిందంటే జనరేటర్ దగ్గరికి పరిగెడతావు. అక్కడ నీకు మూతి వంకరపోతే చూసేదెవరు? నీ దగ్గర పనిచేసే కుర్రాళ్లకి ఇవాళే చెప్పు. మూతి ఓ పక్కకి పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా నూనెలు రాస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలని. మావయ్యకి ఆ రోజున ఆ బండి లేదు, అది మనకి 2005లో వచ్చింది. నెత్తురు గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే, నాలుగున్నర గంటల లోపు సరైన ఆసుపత్రికి చేరితే గడ్డని కరిగించే ఇంజక్షన్ ఇవ్వొచ్చు. మీ భీమవరం నుంచి ఎక్కడికి తీసుకెళ్లాలో ముందే కనుక్కుని పెట్టుకో.

మాత్ర అసలెప్పటికీ తగ్గించకూడదని కాదు నా మాట. నువ్వు ఇలాగే బరువు తగ్గుతూ, కొన్ని నెలల పాటు బీపీ నిలకడగా ఉంటే డాక్టరుగారే డోసు తగ్గించి చూడొచ్చు. తగ్గించాక ఎలా ఉందో మళ్లీ చూస్తారు. ఆ పని ఆయన చెయ్యాలి, నువ్వు కాదు. మరీ పైది 100కి దిగిపోయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే మాత్రం వచ్చే నెల దాకా ఆగకుండా వెళ్లి చూపించుకో.

ఉప్పు సంగతి మీ ఆవిడకి కాదు, నీకే చెబుతున్నా. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి అయిదు గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను. కూరలో ఉప్పు తగ్గించేసి, పెరుగన్నంలోకి మాగాయ, పక్కన ఊరమిరపకాయ, ఆదివారం ఎండుచేపల ఇగురు అంటే తగ్గించినట్టు కాదు. ఎండురొయ్యలు వండితే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండమను, కూరలో ఉప్పు వెయ్యొద్దను. పులస తెచ్చుకున్న రోజు తిను, నేనేం అనను. లో-సోడియం ఉప్పు అని షాపుల్లో అమ్ముతున్నారు. అందులో పొటాషియం ఉంటుంది. నీ మాత్ర కూడా ఒంట్లో పొటాషియం పెంచేదే, కాబట్టి డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకు.

నడుం నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని మింగుతున్నావట. ఇది వినగానే నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, బీపీ మాత్ర పని చెడగొడతాయి, కిడ్నీలని దెబ్బతీస్తాయి. మేత బస్తాలు నువ్వే మొయ్యాలా? నొప్పి ఉంటే డాక్టరుకి చెప్పి, నీకు పనికొచ్చేది రాయించుకో. అలాగే వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు కూడా నిలవని రోజున టెల్మిసార్టాన్ వేసుకోవాలో వద్దో ఫోన్ చేసి అడుగు.

సంక్రాంతి వస్తోంది. మీ వైపు ఆ మూడు రోజులూ పందాలు, పలావులు, మందు, నిద్రలేకపోవడం. తాగినప్పుడు మాత్ర వేసుకోకూడదని చెప్పి, మూడు రోజులు మాత్ర మానేసే మగవాళ్లని నేను ప్రతి ఏడూ చూసేదాన్ని. మానాల్సింది తాగుడు, మాత్ర కాదు నాన్నా. స్నేహితులు ఏమనుకున్నా సరే, గ్లాసు పక్కన పెట్టెయ్. ఒక పూట మాత్ర మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకో, మర్నాటి మాత్ర వేళ వచ్చేస్తే ఆ ఒక్కటే వేసుకో. రెండు కలిపి మాత్రం వద్దు.

ఇంట్లో మిషన్ కొన్నావట, మంచిపని. కానీ గట్టు మీంచి వచ్చీ రాగానే చేతికి పట్టీ చుట్టేస్తే వచ్చేది నీ బీపీ కాదు. కాఫీ తాగి అరగంట దాటాలి, ఒంటేలుకి వెళ్లి రావాలి. కుర్చీలో వీపు ఆన్చి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వెయ్యకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చొక్కా చెయ్యి మీద కాదు, ఒట్టి చేతికి పట్టీ కట్టు. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకో. ఇంట్లో చూసుకున్నప్పుడు 135/85 లోపు ఉంటే బాగున్నట్టే. ఎప్పుడైనా 180/120 దాటితే మళ్లీ కూర్చుని చూసుకో, అప్పుడూ అంతే ఉంటే ఆ రోజే డాక్టరుకి చెప్పు. దాంతోపాటు గుండె నొప్పిగానీ, ఆయాసంగానీ, చూపు మసకగానీ ఉంటే మాత్రం మళ్లీ చూస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లిపో.

ఈ వారంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పేది), పొటాషియం రక్తపరీక్షలు చేయించుకో, ఈ మాత్ర వేసుకునేవాళ్లు అప్పుడప్పుడు అవి చూపించుకోవాలి. నువ్వు పెద్దగా గురక పెడతావని మీ ఆవిడ అంటోంది. అదీ డాక్టరుకి చెప్పు, గురకకీ బీపీకీ సంబంధం ఉంటుంది.

ఇంకొక్క పని చెయ్యి. మీ అమ్మ చేతికి ఆ మిషన్ ఎప్పుడైనా పెట్టావా? నీ గురించి అంత కంగారుపడి ఫోన్ చేసింది గానీ, తనది ఎంతుందని నేను అడిగితే మాట మార్చేసింది. మీ తాతకి ఉంది, మావయ్యకి ఉంది, నాకుంది, నీకొచ్చింది. దానికి మాత్రం లేదని ఎలా అనుకుంటాం? రేపు పొద్దున్న తను వంటింట్లోకి వెళ్లకముందే కూర్చోబెట్టి చూసి, ఇద్దరి రీడింగులూ నాకు పంపు.

పెద్దమ్మ