అడవిలో ఉన్నన్ని రోజులూ కదలకుండా నిలిపి ఉంచే కారు బ్యాటరీ గురించి

మీ కారు పెట్రోలుదని, నాలుగేళ్ల నాటిదని, హనుమకొండ నుంచి తాడ్వాయి వరకు అందులో వెళ్లి, తెలిసినవారి వాకిట్లో దానిని పది రోజులు నిలిపి, అటవీశాఖ అనుమతితో ఏటూరునాగారం అభయారణ్యంలో తిరగబోతున్నామని రాశారు. బ్యాటరీ డౌన్ కాకుండా ఉండాలంటే వైరు తీసేయాలా, లేక రోజూ ఎవరితోనైనా ఇంజను స్టార్ట్ చేయించాలా అన్నది మీ ప్రశ్న. వైరు తీసేయండి. అయితే అంతకంటే ముందు, బయలుదేరేనాటికి బ్యాటరీ నిండుగా ఉందో లేదో కొలిపించుకోండి. నేను వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. మొక్కలను పరిశీలించడానికి ఏళ్ల తరబడి అదే అడవికి వెళ్తున్నాను. ఈ రెండు జాగ్రత్తలూ నాకు నష్టపోయిన తర్వాతే అలవాటయ్యాయి.

ఒక డిసెంబరులో ఆరు రోజులు నడిచి, చీకటి పడే వేళకు కారు దగ్గరికి చేరుకున్నాము. రిమోట్ నొక్కితే తలుపు తెరుచుకోలేదు. తాళంచెవితో తీసి లోపల కూర్చుంటే డ్యాష్‌బోర్డులో ఒక్క దీపం కూడా వెలగలేదు. వెళ్లే రోజున సామాను దించిన తర్వాత డిక్కీ తలుపు పైకి మూసుకున్నట్టే కనిపించినా పూర్తిగా పడలేదు, లోపలి చిన్న బల్బు బ్యాటరీ ఖాళీ అయ్యేదాకా వెలుగుతూనే ఉంది. మాలో ఒక విద్యార్థికి జ్వరం. ఫోన్లకు సిగ్నల్ లేదు. మెకానిక్ కోసం పస్రాకో ములుగుకో మనిషిని పంపవలసిన స్థితిలో, ఊళ్లోని ఒక రైతు తన ట్రాక్టరు తెచ్చి ఆదుకున్నాడు. ఒక బండి బ్యాటరీతో మరో బండిని స్టార్ట్ చేయడానికి వాడే జంపర్ వైర్లు కూడా ఆయన దగ్గర ఉండడం మా అదృష్టం.

అంత చిన్న బల్బు అంత పని ఎలా చేసిందో లెక్క చూస్తే తెలుస్తుంది. 5 వాట్ల బల్బు 12 వోల్ట్ల వద్ద సుమారు 0.4 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే రోజుకు దాదాపు 10 ఆంపియర్ గంటలు (ఒక ఆంపియరు చొప్పున గంటసేపు తీసుకుంటే ఒక ఆంపియర్ గంట). చిన్న పెట్రోలు కార్లలో బ్యాటరీ సామర్థ్యం సాధారణంగా 35 ఆంపియర్ గంటల ప్రాంతంలో ఉంటుంది కనుక నాలుగు రోజులు తిరగకముందే అది పూర్తిగా ఖాళీ అవుతుంది, సెల్ఫ్ తిప్పలేని స్థితికి అంతకంటే ముందే చేరుతుంది. దీనికి భిన్నంగా, అన్నీ సరిగా మూసి ఉన్న కారులో గడియారం, రిమోట్ రిసీవర్, కంప్యూటరు జ్ఞాపకం కలిసి తీసుకునేది 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లే. 30 అనుకున్నా పది రోజులకు 7 ఆంపియర్ గంటలు పోతాయి. ఆరోగ్యంగా, నిండుగా ఉన్న బ్యాటరీకి ఇది పెద్ద భారం కాదు. తర్వాత బిగించుకున్న పరికరాలే అసలు ప్రమాదం. నిలిపి ఉన్నప్పుడు కూడా రికార్డు చేసే డ్యాష్ కెమెరా పావు ఆంపియరు తీసుకున్నా రోజుకు 6 ఆంపియర్ గంటలు పోయినట్టే. జీపీఎస్ ట్రాకర్, మార్కెట్లో పెట్టించుకున్న మ్యూజిక్ సిస్టమ్ కూడా ఈ కోవలోవే. మీ కారులో ఇలాంటివి ఏవైనా ఉంటే వైరు తీయడం తప్పనిసరి అనే చెప్తాను.

నాలుగేళ్ల కారు అన్నారు కాబట్టి బ్యాటరీ కొలత గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన ప్రాంతపు ఎండలకు కార్లలో వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీ త్వరగా అలసిపోతుంది. దానిని చంపేది చలికంటే వేడే. దానికి తోడు హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట వరకు ఏసీ వేసుకుని వెళ్లి వచ్చే రోజువారీ ప్రయాణాలతో బ్యాటరీ ఏనాడూ పూర్తిగా నిండదు. రాత్రంతా నిలిపిన కారును ఉదయం స్టార్ట్ చేయకముందే మల్టీమీటరుతో చూడండి; అప్పుడే నడిపి ఆపిన వెంటనే చూస్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది. 12.6 వోల్ట్లు లేదా ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 దగ్గర ఉంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగమే. తక్కువగా ఉంటే బ్యాటరీ షాపులో ఒక రాత్రి ఛార్జింగ్ పెట్టించండి. అలా నింపిన తర్వాత కూడా ఒకటి రెండు రోజుల్లోనే అంకె పడిపోతుంటే కొత్తది వేయించుకునే బయలుదేరండి. అడవి అంచున మొరాయించే బ్యాటరీతో పోలిస్తే ఆ ఖర్చు చాలా చిన్నది. తాడ్వాయి వరకు సుమారు 90 కిలోమీటర్ల ప్రయాణం కూడా కొంత ఛార్జ్ ఇస్తుంది. అక్కడికి చేరాక ఇంజను ఆపి, పాటలు పెట్టుకుని, లైట్ల వెలుగులో సామాను సర్దుకుంటూ గంటసేపు గడిపితే అదంతా వృథా అవుతుంది. మేడారం జాతరలో మూడు నాలుగు రోజులు కారునే విడిదిగా చేసుకుని, అందులోనే ఫోన్లు ఛార్జ్ చేసుకునే కుటుంబాలకు ఎదురయ్యే ఇబ్బంది కూడా ఇదే.

వైరు తీసే వరుస ముఖ్యం. ముందుగా అద్దాలు ఎక్కించి, డిక్కీ గట్టిగా మూసి, మిగిలిన తలుపులను లోపలి బటన్లతో లాక్ చేయండి. ఇంజను ఆపిన తర్వాత కొన్ని నిమిషాలు ఆగి, బానెట్ తెరిచి, 10 నంబరు పానాతో నెగెటివ్ టెర్మినల్ క్లాంపును మాత్రమే వదులు చేసి తీయండి. పాజిటివ్ వైపు ముందు ముట్టుకుంటే, పానా పొరపాటున కారు ఇనుముకు తగిలినప్పుడు నిప్పురవ్వలు లేస్తాయి. తీసిన వైరు మళ్లీ టెర్మినల్‌కు తగలకుండా పొడిగుడ్డ చుట్టి పక్కకు వంచండి. బానెట్ మూశాక డ్రైవరు తలుపుకు తాళంచెవితోనే తాళం వేయాలి, ఎందుకంటే అప్పటికి రిమోట్ పనిచేయదు. బటన్‌తో స్టార్ట్ అయ్యే కార్లకు రిమోట్ లోపలే ఒక చిన్న తాళంచెవి ఉంటుంది. అది తలుపును నిజంగా తెరుస్తుందో లేదో ఇంటి దగ్గరే ప్రయత్నించి చూడండి. డిక్కీ కరెంటుతో మాత్రమే తెరుచుకునే కారైతే పానాను, జంపర్ వైర్లను అందులో పెట్టకండి. తిరిగి కలిపాక గడియారం, రేడియో స్టేషన్లు మళ్లీ సరిచేసుకోవలసి వస్తుంది, చాలా కార్లలో అంతకు మించి ఇబ్బంది ఉండదు. ఇంజను తనంతట తానే ఆగి మొదలయ్యే రకం కార్లకూ, హైబ్రిడ్ కార్లకూ మాత్రం కంపెనీ పుస్తకం చూసిన తర్వాతే ఈ పనికి పూనుకోండి.

రోజూ స్టార్ట్ చేయించడం నాకు నచ్చని పద్ధతి. నిలబడి ఉన్న కారులో ఐదు నిమిషాలు ఇంజను తిరిగితే, స్టార్ట్ చేయడానికి ఖర్చయినది తిరిగి చేరడమే కష్టం. కనీసం అరగంట రోడ్డు మీద నడపాలి, ఆ భారం ఇతరుల మీద పెట్టడం న్యాయం కాదు. చిన్న సోలార్ పలక మంచి ఉపాయమే గాని చెట్ల నీడలో దానివల్ల ఫలితం ఉండదు. పైగా చాలా కార్లలో ఇంజను ఆపితే సిగరెట్ లైటర్ సాకెట్‌కు కరెంటు తెగిపోతుంది కాబట్టి పలకను నేరుగా బ్యాటరీకే కలపాలి. నీడ కోసం పెద్ద చెట్ల కింద మాత్రం నిలపకండి. 2024 ఆగస్టు 31న వీచిన గాలివానకు తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేలాది చెట్లు కూలిపోయాయి.

ఇంత చేసినా జంపర్ వైర్లు వెంట ఉంచుకోండి. ట్రాక్టరు, కారు బ్యాటరీలు 12 వోల్ట్లవి కాబట్టి పనికొస్తాయి. లారీలలో, బస్సులలో చాలావరకు 24 వోల్ట్లు ఉంటాయి, వాటితో కలపకూడదు. ఎర్ర వైరును ముందు మీ పాజిటివ్‌కు, తర్వాత సాయం చేసే బండి పాజిటివ్‌కు, నల్ల వైరును ఆ బండి నెగెటివ్‌కు పెట్టి, దాని రెండో కొసను మీ బ్యాటరీకి దూరంగా ఇంజను ఇనుముకు తగిలించండి. బ్యాటరీ నుంచి మండే వాయువు వెలువడవచ్చు కనుక చివరి రవ్వ దాని దగ్గర లేవకూడదు.

ఆ రాత్రి ట్రాక్టరు సాయంతో స్టార్ట్ అయిన మా కారును హనుమకొండ చేరే వరకు ఎక్కడా ఆపకుండా నడిపించాము. పూర్తిగా ఖాళీ అయి రోజుల తరబడి అలాగే ఉండిపోతే బ్యాటరీ లోపలి సీసపు పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుందని, ఇంకెంత ఛార్జ్ చేసినా పూర్వపు బలం రాదని షాపులో చెప్పారు. అప్పటికి ఏడాదిన్నర మాత్రమే వాడిన ఆ బ్యాటరీని ఆ తర్వాతి వేసవి దాటకముందే మార్చవలసి వచ్చింది.